రక్తపోటు నొప్పిని దాచిపెట్టిన కథ

1970ల మొదట్లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో నీల్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెద్ద ఇరకాటంలో పడ్డాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన ఫలితాలు దేశదేశాల శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచాయి. క్యూరారే మందు ఎక్కించి ఒళ్లు కదలకుండా చేసిన ఎలుకలు, మెదడులో సుఖం కలిగించే చోట చిన్నపాటి కరెంటు బహుమానంగా అందుతుంటే, గుండె వేగాన్ని పెంచడమో తగ్గించడమో నేర్చుకుంటున్నాయని అప్పట్లో ప్రకటించారు. మన ప్రమేయం లేకుండా వాటంతట అవే నడుస్తాయనుకున్న గుండె, పేగులు, రక్తనాళాలు కూడా శిక్షణ ఇస్తే నేర్చుకుంటాయన్నమాట. ఒంట్లోని మార్పులను పరికరంలో చూసుకుంటూ వాటిని అదుపు చేయడం నేర్చుకునే బయోఫీడ్‌బ్యాక్ పద్ధతి మీద పుట్టిన ఆశల్లో చాలా భాగం అక్కడి నుంచి వచ్చినవే.

తర్వాత అదే ప్రయోగశాలలో అదే ప్రయోగం చేస్తే ఫలితం చిక్కడం మానేసింది. ఏటికేడు ఆ ప్రభావం తగ్గుతూ వచ్చి, చివరికి పూర్తిగా మాయమైంది. బారీ డ్వర్కిన్ అనే యువ శాస్త్రవేత్త దాన్ని తిరిగి రాబట్టడానికి ఏళ్ల తరబడి పట్టు వదలకుండా ప్రయత్నించాడు. రాలేదు. మిల్లర్, డ్వర్కిన్ ఆ సంగతిని కప్పిపుచ్చలేదు. ఇబ్బందులున్నాయని 1974లోనే అచ్చులో చెప్పారు, 1986లో ఆ వైఫల్యాన్నే ఒక పరిశోధన పత్రంగా ప్రచురించారు. తమకు పేరు తెచ్చిన ఫలితాన్ని తామే చెల్లదని చెప్పడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. శాస్త్రవేత్తల గొప్పతనాన్ని నేను ఇలాంటి చోట్లే చూస్తాను.

ఎలుకల పాఠం ఆగిపోయినా డ్వర్కిన్‌ను ఒక ప్రశ్న వదల్లేదు. రక్తపోటు ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి ఫలానా కారణం అని చెప్పలేం. కిడ్నీ బాగానే ఉంటుంది, గ్రంథుల్లో గడ్డలుండవు, అయినా బీపీ పెరిగి కూర్చుంటుంది. పోనీ శరీరం దాన్ని ఒక అలవాటుగా నేర్చుకుంటోందా? నేర్చుకుంటే దానికి ప్రతిఫలం ఏమిటి? ప్రయోగశాలలో ఎలుకకు కరెంటు రూపంలో బహుమానం ఇచ్చారు. ఆఫీసులోనో పొలంలోనో చికాకుల మధ్య బతికే మనిషికి ఆ బహుమానం ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వక్కర్లేదు, రక్తపోటు పెరగడంలోనే ఏదో ఉపశమనం దాగి ఉందేమో అన్నది డ్వర్కిన్ అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం పాత జర్మన్ పత్రికల్లో దొరికింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1866లో లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్, ఎలీ సియాన్ అనే ఇద్దరు కుందేలు మెడలోని ఒక సన్నని నరాన్ని ప్రేరేపించి చూశారు. గుండె నెమ్మదించింది, రక్తపోటు పడిపోయింది. రక్తపోటు ఎంత ఉందో ఎప్పటికప్పుడు మెదడుకు చేరవేసే నరాలు ఉన్నాయని మొదటిసారి తెలిసింది అప్పుడే. 1920లలో హెరింగ్ అనే జర్మన్ వైద్యుడు మెడలో ఇరువైపులా కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట కొద్దిగా ఉబ్బి కనిపించే భాగాన్ని పట్టుకున్నాడు. రక్తం ఒత్తిడికి అక్కడి గోడ సాగుతుంది. సాగినప్పుడల్లా అందులోని నరాల చివరలు మెదడు అడుగుభాగానికి సంకేతం పంపుతాయి. వీటిని బారోరిసెప్టర్లు అంటారు. పోటు పెరిగిందని వార్త అందగానే మెదడు గుండెను నెమ్మదింపజేసి, రక్తనాళాలను వదులు చేస్తుంది. మనం కూర్చున్నవాళ్లం లేచినా, మెట్లెక్కినా రక్తపోటు అదుపులో ఉండేది ఈ ఏర్పాటు వల్లే. ఈ ప్రాంతం మీద చేసిన పరిశోధనలకే బెల్జియంలోని గెంట్‌కు చెందిన కార్నీల్ హేమాన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. అయితే ఆయనకు బహుమతి తెచ్చినది శ్వాస నియంత్రణకు సంబంధించిన పని.

ఇక అసలు వింత. 1932లో ఎబర్‌హార్డ్ కోఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కుక్కలో ఆ కెరోటిడ్ భాగాన్ని లోపలి నుంచి సాగదీశాడు. రక్తపోటు తగ్గింది, అది ఊహించినదే. కానీ కుక్క కండరాలు కూడా సడలాయి, కదలిక తగ్గింది, కాసేపటికి నిద్రలోకి జారుకుంది. రక్తనాళం గోడ సాగితే మెదడుకు మత్తు ఆవరించడమేమిటి? కోఖ్ చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ.

డ్వర్కిన్ పట్టించుకున్నాడు. ఆయనా మిల్లరూ మరికొందరూ కలిసి చేసిన ప్రయోగం 1979లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎలుకకు బాధ కలిగించే ప్రేరణ ఇస్తారు. అది పరుగెత్తితే ఆ బాధ ఆగుతుంది. ఫినైల్ఎఫ్రిన్ అనే మందు ఎక్కించి రక్తపోటు పెంచినప్పుడు ఎలుకలు ఆ బాధ తప్పించుకోవడానికి అంతగా పరుగులు తీయలేదు. మందు వల్ల నీరసించాయేమో అన్న సందేహం రాకుండా మరో జట్టు ఎలుకలను కూడా పరీక్షించారు. వీటిలో బారోరిసెప్టర్ల నరాలను ముందే తెంచేశారు. వీటికీ అదే మందు, వీటిలోనూ పోటు పెరిగింది, కానీ పరుగు మాత్రం తగ్గలేదు. అంటే పని చేసింది మందు కాదు, మెడ నుంచి మెదడుకు వెళ్లే వార్త. ఈ ఒక్క పోలికలోనే ఆ ప్రయోగం బలమంతా ఉంది.

సరిగ్గా అదే సమయంలో, దీనితో సంబంధం లేకుండా, ఇజ్రాయెల్‌లో నడావ్ జమీర్, మెనహెమ్ సెగల్ మరో దారిలో అక్కడికే చేరుకున్నారు. ప్రయోగాల కోసం రక్తపోటు తెప్పించిన ఎలుకలను వేడి పలక మీద ఉంచితే, మామూలు ఎలుకలకంటే ఆలస్యంగా కాలు ఎత్తుతున్నాయి. వీటికి నొప్పి తక్కువగా తెలుస్తోంది. నాలోక్సోన్ ఇస్తే ఆ తేడా పోయింది. నాలోక్సోన్ అంటే మార్ఫిన్ ప్రభావానికి విరుగుడు. ఎలుకకు ఎవరూ మార్ఫిన్ ఇవ్వలేదు కదా, మరి విరుగుడు దేన్ని విరిచినట్టు?

దానికి జవాబు అప్పటికే సిద్ధంగా ఉంది. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ 1975లో మెదడు తనంతట తాను తయారుచేసుకునే మార్ఫిన్ వంటి పదార్థాలను వేరుచేసి చూపించారు. అంతకుముందే 1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుక మెదడు మధ్య భాగంలో ఒక చోట కరెంటు ఇచ్చి, మత్తుమందు లేకుండానే పొట్ట కోసి ఆపరేషన్ చేయగలిగాడు. పెరియాక్విడక్టల్ గ్రే అని పిలిచే ఆ చోటు నుంచి ఆజ్ఞలు కిందికి దిగి, వెన్నుపాములో నొప్పి సంకేతాలు పైకి రాకుండా అడ్డుకుంటాయి. మెడలోని బారోరిసెప్టర్ల వార్త మొదట చేరేది మెదడు కాండంలోని న్యూక్లియస్ ట్రాక్టస్ సొలిటేరియస్ అనే కేంద్రానికి. అక్కడి నుంచి నొప్పిని అణచే కేంద్రాలకు నరాల దారులున్నాయి. ఈ రెండు వ్యవస్థలూ పక్కపక్కనే, ఒకదానితో ఒకటి అల్లుకుని ఉన్నాయని 1984లో అలన్ రాండిచ్, విలియం మాక్స్నర్ ఒక సుదీర్ఘ సమీక్షలో విడమరిచి రాశారు. ఆ సమీక్ష వచ్చాక ఈ విషయాన్ని విచిత్రమైన యాదృచ్ఛికంగా కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఎలుకల్లో తేలినది మనుషుల్లో చూడాలి కదా. అందుకు ఎంచుకున్నది పంటిని. పంటి లోపలి గుజ్జుకు కరెంటు తగిలిస్తే ఇంచుమించు నొప్పి తప్ప మరో స్పర్శ తెలియదు. పైగా దంతవైద్యుల దగ్గర పల్ప్ టెస్టర్ అనే చిన్న పరికరం ఎప్పటి నుంచో ఉంది. దాని మొనను పంటికి ఆనించి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. మొదట జివ్వుమన్నప్పుడు ఒకసారి, నొప్పి మొదలైనప్పుడు ఇంకోసారి చెప్పమంటారు. జమీర్, షుబర్ 1980లో ప్రచురించిన ఫలితం ప్రకారం, బీపీ ఉన్నవాళ్లకు ఆ రెండూ తెలియడానికి మామూలు వాళ్లకంటే ఎక్కువ కరెంటు కావలసివచ్చింది. ఆ తర్వాత ఇటలీలో పీసాలో సెర్జియో గియోనే, వారేసేలో లుయిజీనా గ్వాస్టి బృందం కూడా దీన్నే మళ్లీ మళ్లీ చూశారు. రోజంతా చేతికి కఫ్ కట్టి కొలిచిన బీపీ ఎంత ఎక్కువైతే, పంటి నొప్పి మొదలయ్యే గీత అంత పైకి జరుగుతోంది.

నాకు అన్నిటికంటే నచ్చినది జర్మనీలో థామస్ ఎల్బర్ట్, హరాల్డ్ రౌ, నీల్స్ బిర్బౌమర్ తదితరులు చేసిన పని. ఆరోగ్యవంతుల మెదడులో ఇది జరుగుతుండగా చూడాలంటే వాళ్ల రక్తపోటును మందులతో పెంచకూడదు, మెడ కోయనూ కూడదు. అందుకని మెడ చుట్టూ గాలి చొరని పట్టీ లాంటిది అమర్చారు. అందులోని గాలిని పీల్చేస్తే చర్మం కింద కెరోటిడ్ గోడ బయటికి సాగుతుంది, రక్తపోటు పెరిగిందని మెదడు అనుకుంటుంది. ఈసీజీతో గుండె లయను పట్టుకుని, గుండె ముడుచుకునే క్షణంలో గాలి పీల్చి, విశ్రమించే క్షణంలో గాలి నింపితే బారోరిసెప్టర్లు గట్టిగా స్పందిస్తాయి. సరిగ్గా దీన్ని తలకిందులు చేసి, ముడుచుకునేటప్పుడు నింపి, విశ్రమించేటప్పుడు పీలిస్తే ప్రేరణ తగ్గుతుంది. కూర్చున్న మనిషికి రెండూ ఒకేలా అనిపిస్తాయి, ఏది ఎప్పుడు జరిగిందో తేల్చుకోలేడు. కాబట్టి తేడా కనిపిస్తే అది ఊహ వల్ల వచ్చింది కాదు. తేడా కనిపించింది. ప్రేరణ పెంచినప్పుడు నొప్పి తగ్గినట్టు చెప్పారు. మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీలో, ఏదో జరగబోతోందని ఎదురుచూసేటప్పుడు మెదడు పొర మీద పుట్టే నెమ్మదైన తరంగాలు కూడా చిన్నవయ్యాయి. కోఖ్ కుక్కను నిద్రపుచ్చినది ఇదే, కాస్త తేలికపాటి మోతాదులో. 1994లో డ్వర్కిన్ కూడా వీళ్లతో కలిసి మనుషుల మీద చేసిన పరిశోధనను ప్రచురించాడు.

2001లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో లూయిసా ఎడ్వర్డ్స్, క్రిస్టఫర్ రింగ్ బృందం పరికరంతోనే పని లేకుండా చేశారు. ప్రతి గుండె చప్పుడులోనూ రక్తపోటు ఒకసారి ఎగిసి పడుతుంది కదా. కాలి చీలమండ దగ్గరి నరానికి కరెంటు ఇచ్చి, కాలు దానంతట అదే వెనక్కి లాక్కునే ప్రతిచర్యను గుండె చప్పుడులోని వేర్వేరు క్షణాల్లో కొలిచారు. పోటు అల శిఖరానికి చేరి బారోరిసెప్టర్లు మోగే వేళకు ఆ ప్రతిచర్య బలహీనపడుతోంది. సెకనులో కొంత భాగం పాటు మనలో ప్రతి ఒక్కరికీ, ప్రతి గుండె చప్పుడుకూ, నొప్పి దారి కొంచెం మూసుకుని మళ్లీ తెరుచుకుంటోంది. ఇది చదివిన రోజు నేను చాలాసేపు నాడి పట్టుకుని కూర్చున్నాను.

ఇంతవరకూ కథ ఒకే దారిన నడిచింది. పోటు పెరిగితే మెడలో గోడ సాగుతుంది, మెదడు నొప్పిని తగ్గిస్తుంది, ఆ ఉపశమనం కోసం శరీరం పోటును అలవాటు చేసుకుంటుంది. కష్టకాలంలో ఉన్నవాళ్లలో, మెడ ప్రేరణతో నొప్పి ఎక్కువ తగ్గినవాళ్లకే ఏడాదిన్నర పైబడ్డాక బీపీ ఎక్కువ పెరిగిందని ఎల్బర్ట్, డ్వర్కిన్ బృందం చూపించారు కూడా. అయినా ఈ కథలో ఒక మెలిక ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మెక్‌కబిన్, పేజ్ బృందం కుక్కల మీద చేసి 1956లోనే చూపించిన సంగతి ఏమిటంటే, రక్తపోటు శాశ్వతంగా పెరిగితే బారోరిసెప్టర్లు దానికే అలవాటు పడిపోతాయి. రైలు పట్టాల పక్కన కాపురమున్నవాడికి రైలు చప్పుడు వినపడనట్టే. మరి అవి మోగడం తగ్గించాక కూడా పాత బీపీ రోగులకు నొప్పి తక్కువగా ఎలా తెలుస్తోంది?

ఇంకో పెద్ద చిక్కు కుటుంబాల దగ్గర వచ్చింది. అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో క్రిస్టఫర్ ఫ్రాన్స్, కెనడాలోని మాంట్రియల్‌లో బ్లెయిన్ డిట్టో తదితరులు తల్లికో తండ్రికో బీపీ ఉన్న యువకులను పరీక్షించారు. ఈ పిల్లల బీపీ మామూలుగానే ఉంది. అయినా నొప్పి తక్కువగానే తెలుస్తోంది. మాంట్రియల్ బృందం 14 ఏళ్ల అబ్బాయిల వేలి మీద ఒత్తిడి పెట్టి నొప్పి ఎంతుందో అడిగారు, మళ్లీ 19 ఏళ్లకు వాళ్ల బీపీ చూశారు. 14వ ఏట నొప్పి తక్కువగా తెలిసినవాళ్లకు 19 నాటికి బీపీ ఎక్కువ పెరిగింది. ఫలితం 2002లో వచ్చింది. నొప్పి తగ్గడం ముందు, పోటు పెరగడం తర్వాత. అలాంటప్పుడు మొదటిది రెండోదాని ఫలితం ఎలా అవుతుంది?

నాకు తోచినంతవరకు, ఇక్కడే ఈ చరిత్రంతా మలుపు తిరిగింది. క్రిస్టఫర్ ఫ్రాన్స్ 1999లో రాసిన సమీక్షలోనే దీని మీద దృష్టి పెట్టాడు. మెదడు కాండంలో రక్తపోటునూ నొప్పినీ కలిపి నడిపే యంత్రాంగమే కొందరిలో పుట్టుకతోనే వేరుగా ఉండవచ్చు, దాని రెండు కొమ్మలే బీపీ, తగ్గిన నొప్పీ. డ్వర్కిన్ చెప్పిన అభ్యాసం దాని మీద మరింత బరువు పెట్టవచ్చు. ఎలుకల్లో నాలోక్సోన్ అంత స్పష్టంగా పని చేసినా, మనుషుల్లో దాని ఫలితాలు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేవు. కాబట్టి ఒంట్లోని మార్ఫిన్ ఒక్కటే కారణం కాదు, నార్‌ఎడ్రినలిన్ దారులకూ ఇందులో పాత్ర ఉంది. ఆ దారుల్లోనే పనిచేసే క్లోనిడిన్ అనే మందు బీపీనీ తగ్గిస్తుంది, వెన్ను దగ్గర ఎక్కిస్తే నొప్పినీ తగ్గిస్తుంది. రెండింటి తాళాలూ ఒకే గదిలో ఉన్నాయనడానికి ఇంతకంటే చక్కని సాక్ష్యం నాకు కనిపించలేదు.

ఇదంతా ప్రయోగశాల ముచ్చటగా మిగిలిపోలేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊళ్లో దశాబ్దాలుగా సాగిన పరిశీలనలో, ముప్పై ఏళ్లలో నమోదైన 708 గుండెపోట్లలో నాలుగో వంతుకు పైగా అప్పట్లో ఎవరూ గుర్తించనివి. రెండేళ్లకోసారి తీసే ఈసీజీలో మచ్చ కనిపించి బయటపడినవి. అందులో దాదాపు సగం మందికి ఏ బాధా తెలియనే లేదు. ఇలా తెలియకుండా వచ్చి పోయే గుండెపోట్లు బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువని విలియం కానెల్ బృందం 1985లో రాసింది. ఛాతీ నొప్పి మనిషిని ఆసుపత్రికి పరుగెత్తించే గంట. అది మోగాల్సినవాళ్లకే సరిగా మోగడం లేదు. ఇది నన్ను కలవరపెట్టే విషయం.

తలనొప్పి సంగతీ అంతే. తల దిమ్ముగా ఉంటే బీపీ పెరిగిందని, తల తేలిగ్గా ఉంటే బీపీ లేదని మన ఇళ్లలో లెక్క. నార్వేలో 22,685 మంది పెద్దల బీపీ చూసి, పదకొండేళ్ల తర్వాత తలనొప్పుల గురించి అడిగారు. మొదటిసారి పై అంకె 150 అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లకు మైగ్రేన్ కాని తలనొప్పి వచ్చే అవకాశం, 140 లోపు ఉన్నవాళ్లకంటే 30 శాతం తక్కువ. 2002లో ఈ పత్రం రాసిన క్నుట్ హాగెన్ బృందం కారణంగా చూపింది ఈ బారోరిసెప్టర్ కథనే. అమాంతం ఆకాశానికి ఎక్కిన బీపీతో తల పగిలిపోవడం వేరే సంగతి, అది అత్యవసరం. కానీ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే బీపీకి తలనొప్పిని గుర్తుగా పెట్టుకున్న మనిషి మాత్రలు మానేస్తాడు. అలా మానేసి పక్షవాతం తెచ్చుకున్నవాళ్లు లేని ఊరు మన దగ్గర ఉందా?

ఇప్పుడు పరిశోధకులను తొలుస్తున్నది దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న సంగతి. పై ప్రయోగాలన్నీ కాసేపు ఉండి పోయే నొప్పి మీద చేసినవి. అమెరికాలోని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి చెందిన స్టీఫెన్ బ్రూల్, ఏళ్ల తరబడి నడుం నొప్పితో బాధపడుతున్నవాళ్లను పరీక్షించి 2002లో ఆశ్చర్యకరమైన ఫలితం ఇచ్చాడు. ఆరోగ్యవంతుల్లో బీపీ ఎక్కువైన కొద్దీ నొప్పి తక్కువ. నడుం నొప్పి పాతబడినవాళ్లలో ఆ లంకె తిరగబడింది, బీపీ ఎక్కువైతే నొప్పి కూడా ఎక్కువే. నొప్పిని అణచే వ్యవస్థ నిరంతరం పని చేసి చేసి అలసిపోతుందని, అది అలసిపోయాక బీపీని కిందికి లాగే చెయ్యి కూడా బలహీనపడుతుందని ఆయన వాదన. 2005లో ఆయన బృందం ఆసుపత్రి రికార్డులు చూస్తే, దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లలో 39 శాతం మందికి బీపీ ఉంది. అదే ఆసుపత్రికి నొప్పి లేకుండా ఇతర జబ్బులతో వచ్చినవాళ్లలో 21 శాతం. నొప్పి ఎంత తీవ్రమైతే బీపీ ఉండే అవకాశం అంత ఎక్కువ.

జర్మనీలోని మార్బుర్గ్‌లో కాటీ థీమ్ ఇదే లంకెను వైద్యానికి వాడుకోవాలని చూస్తోంది. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగుల్లో, ఒత్తిడికి బీపీ ఎగిసే కొందరిని తీసుకుని, గుండె ముడుచుకునే, విశ్రమించే క్షణాలకు సరిపోయేలా చిన్నచిన్న విద్యుత్ ప్రేరణలు ఇస్తూ, నొప్పి ప్రవర్తనను మార్చే శిక్షణతో కలుపుతోంది. ఈ రోగుల్లో మందగించిన బారోరిసెప్టర్ ప్రతిచర్యను మళ్లీ పనిలో పెట్టాలన్నది ఉద్దేశం. ఇప్పటివరకు వచ్చిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా, అవి కొద్దిమంది రోగుల మీద చేసినవే.

ఈలోగా బీపీ, పాత నొప్పులు రెండూ కలిసి ఉన్న రోగికి మరో ముప్పు ఉంది. మోకాళ్లకూ నడుముకూ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల్లో కొన్నిటి బలాన్ని తగ్గిస్తాయి. మోకాళ్లు చూసే డాక్టరు ఒకరు, బీపీ చూసే డాక్టరు ఒకరు. ఒకరు రాసిన చీటీ రెండోవారి కంటపడటం చాలా చోట్ల రోగి చేతిలోనే ఉంది.